వెలగని ఎర్రదీపం

వాహనానికి ముందున్న దీపాలు నడిపేవారికి దారి చూపుతాయి. వెనుకనున్న బ్రేకుదీపాలు మాత్రం పరుల కోసం వెలుగుతాయి. అందుచేతనే అవి పనిచేయకపోయినా నడిపేవారికి ఆ సంగతి తెలియదు. వెనుక వచ్చే వాహనం ఢీకొన్న తరువాత తెలిసినా ప్రయోజనం ఉండదు.

ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు పాతకార్ల అభిమానులకు ప్రీతిపాత్రమైనది. దాని తొలి నమూనాలలో బ్రేకుదీపాల స్విచ్చిని బ్రేకు ద్రవం ప్రవహించే గొట్టపు మార్గంలో అమర్చారు. పెడలు తొక్కగానే ద్రవపీడనం పెరిగి, స్విచ్చిలోని పలుచని పొరను నెడుతుంది. అప్పుడు రెండు లోహపు కొనలు కలిసి దీపాలు వెలుగుతాయి. తరువాతి నమూనాలలో పెడలు కదలికతోనే పనిచేసే స్విచ్చిని వాడారు.

12 వోల్టుల వ్యవస్థలో 21 వాట్ల దీపాలు రెండింటికి 3.5 ఆంపియర్ల విద్యుత్తు అవసరం. అదంతా స్విచ్చి గుండానే ప్రవహిస్తుంది. కొనలు విడిపోయినప్పుడల్లా నిప్పురవ్వ పుట్టి, అవి క్రమంగా కాలిపోతాయి. అటువంటి స్విచ్చి పెడలును గట్టిగా తొక్కితేనే పనిచేస్తుంది; మెల్లగా తొక్కితే పనిచేయదు. ఇదే అన్నింటికన్న ప్రమాదకరమైన స్థితి. ఎందుకంటే, పరీక్షించేవారు సాధారణంగా గట్టిగానే తొక్కి, లోపమేమీ లేదని భ్రమపడతారు.

లోపాన్ని కనుగొనడానికి ఒక క్రమం ఉంది. ఈ కారులో ఇగ్నిషన్ తాళం తిప్పి ఉంచితేనే బ్రేకుదీపాలు వెలుగుతాయి. ఒక్క దీపమే వెలగకపోతే బల్బునో, దాని ఎర్తింగునో అనుమానించాలి. రెండూ వెలగకపోతే మొదట ఫ్యూజును చూడాలి. అది బాగుంటే, స్విచ్చి నుండి ఆకుపచ్చ తీగను, ఊదా చారగల ఆకుపచ్చ తీగను విడదీసి, ఆ రెంటినీ ఒకదానికొకటి తాకించాలి. దీపాలు వెలిగితే దోషం స్విచ్చిదే. వెలగకపోతే ఆకుపచ్చ తీగకు విద్యుత్తు అందుతున్నదో లేదో పరీక్షాదీపంతో చూడాలి. అందుతున్నట్లయితే దోషం స్విచ్చి నుండి దీపాల వరకు గల మార్గంలో ఉన్నట్లు గ్రహించాలి.

ద్రవపీడనంతో పనిచేసే స్విచ్చిని మార్చేటప్పుడు గొట్టంలోకి గాలి చేరవచ్చు. ఆ గాలిని పూర్తిగా తొలగించనిదే బండిని రోడ్డెక్కించరాదు. కొత్త స్విచ్చికి తోడుగా ఒక రిలేను అమర్చితే, దీపాల విద్యుత్తు రిలే గుండా పోతుంది. స్విచ్చిపై భారం తగ్గి అది ఎక్కువకాలం మన్నుతుంది.

ప్రయాణానికి ముందు ఒకరిని వెనుక నిలబెట్టి, పెడలును మెల్లగా తొక్కి చూడాలి. తోడెవరూ లేనప్పుడు చీకటివేళ బండి వెనుకభాగాన్ని గోడవైపు ఉంచితే చాలు. ఆ గోడపై పడే ఎర్రని వెలుగే సాక్ష్యం.