టి-5: పేరు పోగొట్టుకున్న మస్టాంగ్

1964లో ఫోర్డ్ సంస్థ మస్టాంగ్ కారును విడుదల చేసింది. పశ్చిమ జర్మనీలో మాత్రం ఆ పేరుపై హక్కు లారీలు తయారుచేసే క్రుప్ సంస్థది. అందుచేత అక్కడ ఆ కారు 1970వ దశకం చివరివరకు ‘టి-5’గానే చలామణి అయింది. ముందు జాలీపై పరుగెత్తే గుర్రం నిలిచింది. మస్టాంగ్ అన్న అక్షరాలు పోయి, ఫెండర్లపై టి-5 బిళ్ళ వచ్చింది.

చిక్కల్లా ఆ బిళ్ళతోనే. నేడది విడిగా దొరుకుతుంది. మామూలు కారుకు బిగించి, అరుదైనదని చెప్పి అమ్మడం కష్టమేమీ కాదు. కిలోమీటర్లు చూపే మీటరు ఇతర దేశాలకు పంపిన కార్లలోనూ ఉంటుంది. ఇంజను వెనుక రెండు విడి కడ్డీలకు బదులు అమర్చిన ఒకే ఊత ఎగుమతి కార్ల లక్షణమే. కాని అమెరికాలో అమ్మిన షెల్బీ జి.టి.350లోనూ అదే కనిపిస్తుంది. జ్వరం ఉన్నంతమాత్రాన టైఫాయిడ్ అనలేము కదా!

1960ల నాటి కారైతే ముందు డ్రైవరు తలుపు మీది రేకు చదవాలి. అందులో డి.ఎస్.ఓ. అనే విక్రయ జిల్లా సంకేతం 90లలో ఉంటే ఎగుమతి కారని అర్థం. రేకునూ కొత్తగా చేయించవచ్చు గనుక, ఇంజను పక్కన లోపలి ఫెండరుపై అచ్చుకొట్టిన సంఖ్యతో దానిని సరిచూడాలి. 1967 నుంచి తయారైనవాటికి ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులు మిగిలివున్నాయి. ఆ సంఖ్య చెబితే మార్టీ ఆటో వర్క్స్ రుసుము తీసుకొని నివేదిక ఇస్తుంది. డబ్బు చెల్లించకముందే దానిని తెప్పించుకోవాలి.