ఒక తెలుగు అక్షరం ఖరీదు ఎంత?

మనం క్యాంటీన్‌లో తెలుగులోనే మాట్లాడుకుంటాం. అదే మాట వాట్సాప్‌లో రాయాలంటే మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతాం. దీనికి బద్ధకం అనీ, భాష మీద ప్రేమ లేదనీ పెద్దవాళ్ళు తిడుతుంటారు. సీఎస్ఈ చదువుతున్నాను కాబట్టి నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. మెషిన్ల దగ్గర తెలుగు అక్షరానికి చాలాకాలం ఎక్కువ రేటు ఉండేది. ఆ రేటు వల్ల వచ్చిన అలవాటే ఇది. ఆ లెక్క ఏంటో చూద్దాం.

ముందు టెలిగ్రాఫ్ నుంచి మొదలుపెడదాం. 1844లో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి తీగ మీద సందేశం పంపాడు. మోర్స్ కోడ్‌లో ఒక తెలివైన ఐడియా ఉంది. ఎక్కువగా వాడే అక్షరానికి చిన్న కోడ్, అరుదుగా వాడేదానికి పెద్ద కోడ్. ఇంగ్లీష్‌లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ‘ఈ’ అక్షరానికి ఒకే ఒక్క చుక్క. అరుదుగా వచ్చే ‘క్యూ’ అక్షరానికి గీత, గీత, చుక్క, గీత. మనం డేటా కంప్రెషన్ క్లాసులో చదివే సూత్రం ఇదే. కాకపోతే ఆ లెక్క మొత్తం ఇంగ్లీష్ కోసం వేసింది. మన దేశంలో టెలిగ్రామ్‌కి మాటకి ఇంత అని డబ్బులు. అందుకే ‘మదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ’ లాంటి పొడి పొడి ఇంగ్లీష్ ముక్కలు తెలుగు ఇళ్ళలో కూడా అందరికీ తెలిసిపోయాయి. ఆ సర్వీసు 2013 జూలైలో ఆగిపోయింది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటర్‌కి తెలిసింది నంబర్లే కాబట్టి ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఇవ్వాలి. 1963లో అమెరికాలో వచ్చిన ఆస్కీ ఈ పని చేసింది. 7 బిట్లు, అంటే 128 గదులు. ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, కామాలు, కంట్రోల్ కోడ్‌లు అన్నీ అందులో సరిపోయాయి. మిగతా ప్రపంచానికి చోటు మిగల్లేదు.

మరి తెలుగువాళ్ళు ఏం చేశారు? రెండు దార్లు వెతికారు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగు విద్యార్థులు, ఇంగ్లీష్ అక్షరాల్లో ఒక పద్ధతి ప్రకారం రాస్తే తెలుగులోకి మార్చే విధానం తయారుచేశారు. దాన్ని ఆర్టీఎస్ అంటారు. అంటే మనం ఇప్పుడు చేసే పనినే వాళ్ళు రూల్స్ పెట్టుకుని చేశారన్నమాట.

రెండో దారి ఫాంట్ మోసం. ఇంగ్లీష్ అక్షరం గదిలో తెలుగు ముక్క బొమ్మ పెట్టేయడం. కంప్యూటర్ అది ఇంగ్లీషే అనుకుంటుంది, మనకి తెలుగు కనిపిస్తుంది. కానీ ఒక్కో పేపర్‌కి, ఒక్కో డీటీపీ సెంటర్‌కి ఒక్కో ఫాంట్. ఆ ఫాంట్ లేకపోతే స్క్రీన్ మీద పిచ్చి గీతలే. సెర్చ్ చేసినా దొరకదు. వీటిని అసలు తెలుగులోకి మార్చడానికి వెన్న నాగార్జున చేసిన ‘పద్మ’ లాంటి కన్వర్టర్లు తర్వాత అవసరమయ్యాయి.

1991లో రెండు మంచి పనులు జరిగాయి. ఒకటి, భారతీయ లిపుల కోసం ఇస్కీ అనే ప్రమాణం వచ్చింది. అందులో తెలుగు ‘క’కి, హిందీ ‘క’కి, తమిళ ‘క’కి ఒకటే నంబర్. రెండు, యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది. ఇందులో తెలుగుకి విడిగా 128 గదుల బ్లాక్ ఇచ్చారు. అయితే మన గుణింతాలూ ఒత్తులూ కలిస్తే వచ్చే రూపాలు వేలల్లో ఉంటాయి కదా, 128లో ఎలా సరిపోతాయి? అక్కడే ఉంది కిటుకు. యూనికోడ్ దాచేది విడి భాగాల్నే. వాటిని కలిపి బొమ్మ గీసే పని ఫాంటుదీ సాఫ్ట్‌వేర్‌దీ. ‘స్త్రీ’ అనే మాట తీసుకోండి. మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. పైథాన్‌లో దీని పొడవు అడిగితే 6 అని చెబుతుంది.

ఈ 6 వల్ల జేబుకి ఏమైందో ఎస్ఎమ్ఎస్‌లో తెలుస్తుంది. మొదటి ఎస్ఎమ్ఎస్ 1992 డిసెంబర్ 3న ఇంగ్లండ్‌లో వెళ్ళింది. ఒక మెసేజ్‌కి ఉన్న చోటు 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లీష్ అక్షరానికి 7 బిట్లు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం 16 బిట్ల పద్ధతికి మారిపోతుంది. అప్పుడు 70 మాత్రమే పడతాయి. ‘స్త్రీ’ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తే 35 బిట్లు, తెలుగులో 96 బిట్లు. మెసేజ్‌కి ఇంత అని డబ్బులు కట్టే రోజుల్లో ఎవరు మాత్రం తెలుగులో రాస్తారు? పైగా అవతలివాళ్ళ ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపించేవి. ఇంగ్లీష్ అక్షరాలైతే ఏ ఫోన్‌లో అయినా చదవొచ్చు.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో దాదాపు అంతటా నడిచేది యూటీఎఫ్-8. దీన్ని 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ డిజైన్ చేశారు. ఇందులో ఇంగ్లీష్ అక్షరానికి 1 బైట్, తెలుగు కోడ్‌కి 3 బైట్లు. ‘స్త్రీ’కి 18 బైట్లు. ఇప్పటికీ మనదే ఎక్కువ, కానీ ఆ ఎక్కువకి ఇప్పుడు అర్థం లేదు. పొద్దున్నే వచ్చే గులాబీ పువ్వు గుడ్ మార్నింగ్ ఫోటో 100 కిలోబైట్లు అనుకుంటే, ఆ చోటులో 33 వేల తెలుగు కోడ్‌లు పడతాయి. అది దాదాపు ఒక చిన్న పుస్తకం.

అలాగని కష్టాలు తీరిపోలేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరం వస్తే యాప్‌లు క్రాష్ అయ్యేవి. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానంలో జ్ఞా! దాని మధ్యలో కంటికి కనపడని ఒక కోడ్ చేరినప్పుడు బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్ తట్టుకోలేకపోయింది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మన ఒత్తుల్ని ఎంత జాగ్రత్తగా టెస్ట్ చేయాలో ఆ సంఘటన చూపించింది.

రేటు పోయినా అలవాటు మిగిలింది. దాని బరువు మోసేది మనం కాదు. మా నానమ్మ పేపర్ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతుంది, ఇంగ్లీష్ అక్షరాలు మాత్రం రావు. మా ఫ్యామిలీ గ్రూప్‌లో మాటలన్నీ తెలుగే, లిపి మాత్రం ఇంగ్లీష్. సొంత పిల్లలు సొంత భాషలో రాసింది చదివి పెట్టమని ఆవిడ నా దగ్గరికి వస్తుంది. ఫోన్‌లో తెలుగు ఉంది, ఆవిడకి తెలుగు వచ్చు, మధ్యలో అడ్డం మన వేళ్ళే.

ఇంకో లెక్క కొత్తగా మొదలైంది. ఏఐ చాట్‌బాట్లు వాక్యాన్ని టోకెన్లు అనే ముక్కలుగా కోసుకుని చదువుతాయి. తరచుగా కనిపించే వరుసలు ఒకే ముక్క అవుతాయి, అరుదైనవి చిన్న చిన్న ముక్కలవుతాయి. మోర్స్ చుక్కా గీతల సూత్రమే మళ్ళీ. నేర్పడానికి వాడిన రాతల్లో ఇంగ్లీష్ ఎక్కువ కాబట్టి ఇంగ్లీష్ మాట చాలాసార్లు ఒకటే టోకెన్, తెలుగు మాట నాలుగైదు ముక్కలు. ఈ సర్వీసులు వాడుకునే డెవలపర్లకి బిల్లు టోకెన్ల లెక్కనే పడుతుంది. కొత్త మోడల్స్‌లో ఈ తేడా తగ్గుతోంది, పూర్తిగా పోలేదు.

ఇక్కడ ఒక మార్పు మాత్రం ఉంది. మోర్స్ కోడ్, ఆస్కీ తయారైనప్పుడు మన చేతిలో ఏమీ లేదు. టోకెన్ల లెక్క మాత్రం నెట్‌లో ఏ భాష రాతలు ఎన్ని ఉన్నాయో దాన్నిబట్టి మారుతుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇవాళ మీరు ఒక పేరా చేర్చినా అది ఆ లెక్కలోకి రావచ్చు. దానికి ముందు ఇంకా తేలికైన పని ఒకటుంది: ఫోన్ సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డ్ ఆన్ చేసి, ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక మెసేజ్ పెట్టండి. 70 దాటినా ఎవరూ ఎక్స్‌ట్రా డబ్బులు అడగరు.