తేనెపిట్ట ఫోటో పూల దగ్గర తీయాలి. గూటి జోలికి పోరాదు

ఉదయగిరి: ముక్కు నుండి తోక వరకు కొలిస్తే సుమారు 10 సెంటీమీటర్లు, తూస్తే 10 గ్రాములకు అటూ ఇటూ. అంతటి చిన్న తేనెపిట్టను ఫోటో తీయడం తేలికైన పని కాదు. కెమెరా కంటికి ఆనించేలోగా అది మరో కొమ్మ మీద వుంటుంది. ఉదయగిరి దుర్గం కింది పల్లెల్లోను, ఆత్మకూరు వైపు తోటల్లోను ఈ పిట్టలు మనుషుల మధ్యనే తిరుగుతుంటాయి. పెరట్లో మందారం పూస్తే వెతుక్కుంటూ వస్తాయి.

వీటిలో ముఖ్యంగా రెండు రకాలు చూడవచ్చు. పొట్ట పసుపుగా వుండేది ఒకటి. గుడ్లు పెట్టే కాలంలో మగది నిలువెల్లా నల్లగా కనిపించేది రెండవది. నిజానికి ఆ నలుపు నలుపు కాదు. ఈకలపై వెలుతురు పడి తిరిగి వచ్చినపుడు నీలం, ఊదా రంగులు మెరుస్తాయి. కనుక సూర్యుణ్ణి వీపు వెనుక పెట్టుకుని నిలబడిన వారికే ఆ రంగులు దక్కుతాయి. ఎదురెండలో తీస్తే పిట్ట బొగ్గుముక్క వలె వస్తుంది.

పిట్ట వెంట పరుగెత్తి లాభం లేదు. గాలిలోనే నిలిచి తేనె తాగే హమ్మింగ్ పక్షులు అమెరికా ఖండాలకే పరిమితం. మన తేనెపిట్ట క్షణకాలం గాలిలో ఆగినా, మామూలుగా కొమ్మను పట్టుకునే తాగుతుంది. మరిగిన పూల దగ్గరకు మళ్లీ మళ్లీ వస్తుంది. మోదుగ, దానిమ్మ, మామిడి చెట్టుపై పెరిగే బదనిక పూసినపుడు ఉదయం పూట అక్కడ కదలకుండా కాచుకోవాలి. పూవుపై ముందే ఫోకస్ పెట్టి, సెకనులో వెయ్యో వంతు, వీలైతే రెండు వేలో వంతు వేగంతో తీస్తే బొమ్మ చెదరదు.

ఓపిక లేనివారికి గూడు సులువుగా కనిపిస్తుంది. ముప్పు అక్కడే వున్నది. సాలెగూటి దారాలు, ఎండుటాకులు, బెరడు ముక్కలతో చేసిన సంచి వంటి గూడు ముళ్లపొదకో, వసారా తీగకో వేలాడుతుంది. పక్కన ద్వారం, దానిపై చిన్న చూరు, లోపల మామూలుగా 2 గుడ్లు. ఫోటో బాగా రావాలని అడ్డం వచ్చిన ఆకులు తుంచితే పిల్లలకు ఎండ తగులుతుంది, గూడు కాకి కంట పడుతుంది. మనిషి అక్కడే నిలబడితే తల్లి మేత తేలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడాన్ని కూడా వేట కిందనే లెక్కిస్తుంది.

ఈ పిట్ట వల్ల రైతుకు మేలు జరుగుతుంది. పూవు నుండి పూవుకు పుప్పొడి మోస్తుంది. పిల్లలకు పురుగులు, సాలీళ్లు ఏరి పెడుతుంది.

ఇప్పుడు చాలా ఇళ్లలో కెమెరా వున్న సెల్‌ఫోను వున్నది. దానిని పెరటి మందారం ఎదుట కర్రకు కట్టి, వీడియో పెట్టి దూరంగా కూర్చున్నా పిట్ట పడుతుంది. గూడు కనబడితే మాత్రం పెద్దలు పిల్లలను అటు పోనీయరాదు. గుడ్డు పెట్టినది మొదలు పిల్ల ఎగిరే వరకు సుమారు నెల రోజులే. ఆ నెల రోజులు ఆ కొమ్మ జోలికి పోకుండా వుంటే చాలు.