ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ : వనపర్తి రాజా రామేశ్వరరావు

మన అమరచింత ఒకప్పుడు సంస్థానం. దానికి రాజధాని ఆత్మకూరు. అటు గద్వాల, ఇటు వనపర్తి కూడా నిజాంకు కప్పం కట్టే సంస్థానాలే. రాజుల పేర్లు పరీక్షల కోసం బట్టీ పడతాం గానీ, వాళ్లలో మన చదువుకు పనికొచ్చిన వారెవరో పెద్దగా తెలుసుకోం. అందుకే ఈసారి వనపర్తి చివరి రాజా గురించి రాస్తున్నాం.

జనుంపల్లి రామేశ్వరరావు 1923లో పుట్టారు. 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక సంస్థానాల కాలం ముగిసింది. ఆయన విదేశాంగ శాఖ ఉద్యోగంలో చేరి ఆఫ్రికాలో పనిచేశారు. 1957 నుంచి 1977 దాకా మన పాలమూరు ప్రాంతం నుంచి లోక్‌సభ సభ్యులు. ఓరియంట్ లాంగ్‌మన్ పుస్తక సంస్థను నడిపించారు. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు హైదరాబాద్‌లో విద్యారణ్య పాఠశాలను స్థాపించారు.

మాకు ముఖ్యమనిపించింది ప్యాలెస్ సంగతి. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. ప్రధాని నెహ్రూ వచ్చి ప్రారంభించారు. తండ్రి కృష్ణదేవరావు పేరు మీద దానిని కె.డి.ఆర్. పాలిటెక్నిక్ అంటారు. ఊరికే పొగడటం మా ఉద్దేశం కాదు. ఆ భవనానికి పెట్టిన డబ్బు రైతులు కట్టిన శిస్తే, మోసిన రాళ్లు మన ముత్తాతలవే అయ్యుంటాయి. గడప దాటి లోపలికి పోయే అర్హత వాళ్లకు లేకపోయింది. వాళ్ల మనుమలు మాత్రం అక్కడే బెంచీల మీద కూర్చొని డిప్లొమా చదివారు.

రెండోది సరళాసాగర్. ఆత్మకూరు నుంచి కొత్తకోటకు పోయే దారిలో, మదనాపురం దగ్గర ఊకచెట్టు వాగు మీద ఉంది. ఆయన తల్లి సరళాదేవి పేరే దానికి పెట్టారు. 1949లో అప్పటి మిలిటరీ గవర్నర్ జె.ఎన్. చౌదరి శంకుస్థాపన చేశారు, 1959లో పూర్తయింది. దీనికి గేట్లు ఎత్తే మనిషి అక్కర్లేదు. నీటిమట్టం పూర్తిగా నిండి ఇంకా పెరిగితే సైఫన్ గొట్టంలోని గాలి బయటికి పోయి, నీళ్లు వాటంతటవే లాగబడతాయి. మట్టం తగ్గగానే గాలి లోపలికి చొరబడి ప్రవాహం ఆగిపోతుంది. డ్రమ్ములోంచి పైపుతో కిరోసిన్ లాగటం చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సైన్స్ పుస్తకంలోని బొమ్మ మన పక్క మండలంలోనే ఉందన్నమాట!

2019 డిసెంబర్ 31న ఈ ప్రాజెక్టు మట్టికట్టకు గండిపడి, నిండిన నీళ్లన్నీ వాగు పాలయ్యాయి. తర్వాత కట్టను మళ్లీ కట్టారు. రామేశ్వరరావు 1998లోనే కన్నుమూశారు.