ములుగులో భూమి కదిలితే డెల్టాకేమిటి?

2024 డిసెంబర్ 4, బుధవారం ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవుల కింద, దాదాపు 40 కిలోమీటర్ల లోతున భూకంపం పుట్టింది. జాతీయ భూకంప అధ్యయన కేంద్రం దాని పరిమాణం 5.3 అని లెక్కకట్టింది. హైదరాబాద్, వరంగల్, ఖమ్మం, విజయవాడ, ఏలూరు మొదలుకొని గోదావరి జిల్లాలదాకా జనానికి ఆ కదలిక తెలిసింది. పెద్ద నష్టమేమీ జరగలేదు కాబట్టి సీసీ కెమెరాల దృశ్యాలు ఫోన్లలో నాలుగు రోజులు తిరిగి ఆగిపోయాయి. ములుగెక్కడ, కోనసీమ ఎక్కడ అని గోదావరి డెల్టాలో చాలామంది సరిపెట్టుకున్నారు. అక్కడే చిక్కుంది. భూకంపం విషయంలో దూరం సగం కొలత మాత్రమే, తక్కిన సగం మన కాళ్ళ కింది మట్టి. పటం మీద గీత గీస్తే ఆ భూకంప కేంద్రం నుంచి హైదరాబాదుకు సుమారు 220 కిలోమీటర్లు, రాజమండ్రికి సుమారు 230. రెండిటికీ తేడా లేదన్నట్టే. కానీ హైదరాబాద్ గ్రానైటు బండ మీద కూర్చుంది. ధవళేశ్వరం దాటి కిందికి వస్తే అమలాపురం, పాలకొల్లు, భీమవరం కూర్చున్నది నది మోసుకొచ్చిన ఒండ్రు మీద.

అసలు అంత పాత గట్టినేలలో భూకంపం ఏమిటన్నది న్యాయమైన ప్రశ్నే. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ నెట్టుడు హిమాలయాల దగ్గరే ఆగిపోదు, ఫలకం మొత్తానికీ ఒత్తిడిగా పాకుతుంది. ఎక్కడ పాత గాయం ఉంటే అక్కడ బయటపడుతుంది. అలాంటి పెద్ద గాయాల్లో ఒకటి గోదావరి లోయ. పాతిక కోట్ల ఏళ్ళకు పూర్వమే ఇక్కడ భూమి పొడవునా చీలి కుంగింది. ఆ పల్లంలో పూడుకుపోయిన అడవులే ఇవాళ సింగరేణి బొగ్గు. మంచిర్యాల నుంచి భద్రాచలం వైపు సాగే ఆ పల్లానికి రెండు అంచులా భ్రంశాలున్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతాన్ని 5.7 పరిమాణంతో కుదిపిన భూకంపం ఈ లోయదే. 2002లో సవరించిన భూకంప మండలాల పటం గోదావరి వెంబడి ప్రాంతాన్ని చాలావరకు ఓ మోస్తరు ప్రమాదమున్న మూడో మండలంలో పెట్టింది అందుకే.

ఇక మట్టి సంగతి. దక్కను గట్టిరాయి తరంగాలను పెద్దగా నీరసపడనివ్వకుండా దూరం తీసుకుపోతుంది. ములుగు నుంచి బయల్దేరిన మొదటి తరంగం 40 సెకన్లలోపే రాజమండ్రి చేరుతుంది. నేలను అడ్డంగా ఊపే రెండో తరంగానికి నిమిషం పైన పడుతుంది. రాతిలో సెకనుకు మూడు కిలోమీటర్లకు పైగా పరుగెత్తే ఈ రెండో తరంగం మెత్తటి ఒండ్రులోకి రాగానే సెకనుకు రెండు, మూడు వందల మీటర్లకు పడిపోతుంది. మోసుకొచ్చిన శక్తి ఎక్కడికీ పోదు కాబట్టి వేగం తగ్గినకొద్దీ ఊపు పెరుగుతుంది. దీనికి తోడు ప్రతి మట్టిపొరకూ తనదైన ఊగే కాలం ఒకటుంటుంది. పొర మందాన్ని నాలుగుతో హెచ్చించి తరంగ వేగంతో భాగిస్తే అది వచ్చేస్తుంది. మెత్తటి పొర 30 మీటర్లు, వేగం సెకనుకు 200 మీటర్లు అనుకుంటే 0.6 సెకను. భవనాలకు ఇంజనీర్లు వాడే మోటు లెక్క అంతస్తుకు 0.1 సెకను. అంటే కింద పార్కింగు, పైన అయిదు అంతస్తులు ఉన్న అపార్ట్‌మెంటుకూ దాదాపు అదే 0.6. ఊయల వెనక్కొచ్చిన ప్రతిసారీ సరిగ్గా ఆ క్షణానికే తోస్తే ఏమవుతుందో, నేలా భవనమూ ఒకే లయలో పడ్డప్పుడు అదే అవుతుంది. పొర మందం ఊరూరికీ, ఒక్కోసారి వీధివీధికీ మారుతుంది కాబట్టి ఈ లెక్క ఉదాహరణే. అయితే మన పట్టణాల్లో ఎక్కువగా లేస్తున్నవి ఈ ఎత్తు భవనాలే కావడం కాకతాళీయమని తోసేయలేం. 1985లో మెక్సికో నగరం సుమారు 350 కిలోమీటర్ల దూరంలో పుట్టిన భూకంపానికి కూలింది, అదీ పాత చెరువు పూడిన మెత్తనేల మీద కట్టిన భాగంలోనే ఎక్కువగా. 2001లో భుజ్ భూకంప కేంద్రానికి అహ్మదాబాద్ 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం, సుమారుగా ములుగుకూ రాజమండ్రికీ ఉన్నంత. అక్కడా బహుళ అంతస్తుల భవనాలు కుప్పకూలాయి.

భుజ్‌లో 7.7 కదా, మనకు 5.3 కదా అంటారు. నిజమే, శక్తిలో రెంటికీ దాదాపు నాలుగు వేల రెట్ల తేడా. గోదావరి లోయకు అంతటిది వస్తుందని నేననను, అనేందుకు ఆధారమూ లేదు. కానీ పై హద్దు ఇదేనని 1969ని చూపించి గీత గీయడానికీ ఆధారం లేదు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 వచ్చేనాటికి ఆ ఊరు అప్పటి పటంలో అన్నిటికన్నా భయం తక్కువైన ఒకటో మండలంలో ఉంది. వేలమంది చనిపోయారు. తర్వాత పటం నుంచి ఒకటో మండలాన్నే తీసేశారు. చిన్న భూకంపాలు వస్తే మంచిదే, లోపలి ఒత్తిడి తగ్గిపోతుందన్న ఓదార్పు కూడా లెక్కకు నిలవదు. పరిమాణం ఒక అంకె పెరిగితే శక్తి 32 రెట్లు పెరుగుతుంది. అంటే ఒక 6.3కు సరిపడా శక్తి బయటికి పోవాలంటే ములుగు లాంటివి ముప్పైకి పైగా రావాలి. 1969 నుంచి 2024 దాకా 55 ఏళ్ళలో ఈ లోయలో అయిదు దాటినవి వేళ్ళమీద లెక్కించవచ్చు.

గ్యాసు తవ్వకాల వల్లే ఇదంతా అనే మాట కోనసీమలో తరచుగా వినిపిస్తుంది. ములుగు విషయంలో అది పొసగదు. గ్యాసు బావుల లోతు నాలుగైదు కిలోమీటర్లు, ఈ భూకంపం పుట్టింది 40 కిలోమీటర్ల కింద, అదీ గ్యాసు నిక్షేపాలకు ఎంతో దూరంలో. పైగా 1969 నాటికి డెల్టాలో గ్యాసు ఊసే లేదు. తవ్వకాలతో నేల కుంగుతోందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని దాని ఆధారాలతోనే తేల్చాలి. రెంటినీ కలిపేస్తే రెండూ తేలవు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది: 1969లోనూ డెల్టా ఊగింది, ఏమైంది? పెద్దగా ఏమీ కాలేదు. అయితే అప్పటి డెల్టా ఎక్కువగా తాటాకిళ్ళూ పెంకుటిళ్ళూ. వాటికి దొరికిన మార్కులను ఇవాళ్టి భవనాలకు వేయలేం. కారు పెట్టుకోవడానికి కింది అంతస్తులో గోడలన్నీ తీసేసి పిల్లర్లను మాత్రం మిగిల్చే పద్ధతి అహ్మదాబాదులో ప్రాణాలు తీసింది. పైన గోడలతో బిగిసిన అంతస్తులు ఒక్కముక్కగా కదిలితే భారమంతా ఆ ఉత్త పిల్లర్ల మీద పడుతుంది. ఇక్కడా వరిచేలూ చేపల చెరువులూ మెరక తోలి ప్లాట్లవుతున్నాయి. మెరక కింద పాత పాయ తాలూకు వదులు ఇసుక ఉండి, నీరు రెండు మూడు మీటర్లలోనే తగిలితే, బలమైన కుదుపుకు ఆ ఇసుక పట్టు వదిలి ద్రవంలా ప్రవర్తించవచ్చు. 1964లో జపాన్‌లోని నీగతాలో అపార్ట్‌మెంట్లు విరక్కుండానే పక్కకు ఒరిగిపోయింది అందుకే. 5.3 లాంటిది అంత దూరం నుంచి ఆ పని చేయలేదు, దగ్గరలో ఆరు దాటినది చేయగలదు. ఇందుకు భయపడి ఊళ్ళు ఖాళీ చేయనక్కర్లేదు. పునాదికి ముందు బోరు వేసి ఏ లోతున ఏ మట్టి ఉందో చూడటం, పార్కింగు అంతస్తులో కొన్ని గోడలు కాంక్రీటువి కట్టడం, పిల్లరు ఇనుముకు చుట్టే రింగుల కొసలను 90 డిగ్రీల దగ్గర ఆపకుండా 135 డిగ్రీలు లోపలికి వంచడం, పిల్లరు బీమును కలిసే చోట ఆ రింగులను దగ్గరదగ్గరగా వేయడం, ఇవన్నీ మన ప్రమాణాల పుస్తకాల్లో ఏళ్ళుగా ఉన్నవే. రింగు కొస వంపుకు అదనంగా పట్టేది కాస్త ఇనుమూ, మేస్త్రికి కాస్త ఓపికా. స్లాబు పడ్డాక దాన్ని చూడటం ఎవరి తరమూ కాదు కాబట్టి, కాంక్రీటు పోసే ముందురోజే టేపూ కోణమానినీ పట్టుకుని చూడాలి.