ప్రోటాన్ చిరంజీవేనా?

గన్నవరంలో 25 కిలోల బియ్యం బస్తా కొన్నామనుకోండి. అందులోని ప్రోటాన్లు, న్యూట్రాన్లలో ఉండే క్వార్కులనే కణాల సొంత బరువు పావుకిలో పైచిలుకు, అంతే. మిగతాదంతా దాదాపుగా క్వార్కులను కట్టిపడేసిన బలంలోని శక్తి, లోపల అవి పెట్టే పరుగుల శక్తి. శక్తీ ద్రవ్యరాశీ ఒకటేనన్న ఐన్‌స్టీన్ సూత్రానికి ఇంతకన్నా దగ్గరి రుజువు నాకు తోచదు. మరి ఆ కట్టు ఎన్నటికీ విడిపోదా?

క్వార్కులను 1964లో గెల్‌మన్, జ్వైగ్ ఎవరికి వారే ఊహించారు. మొత్తం ఆరు రకాలున్నా మన చుట్టూ ఉన్న పదార్థానికి అప్, డౌన్ చాలు. ప్రోటాన్ ఆవేశంలో మూడింట రెండు వంతులు అప్‌ది. డౌన్‌ది మూడో వంతు, అదీ ఋణావేశం. రెండు అప్‌లు, ఒక డౌన్ చేరితే ప్రోటాన్. ఒక అప్, రెండు డౌన్‌లైతే ఆవేశం చెల్లుకు చెల్లయి న్యూట్రాన్ వస్తుంది. వీటికి ‘రంగు’ అనే గుణం కూడా ఉంది, కంటికి కనిపించే రంగు కాదు. రంగులన్నీ చెల్లిపోయిన కూటమే బయట తిరగగలదు కాబట్టి ఒంటరి క్వార్కు ఎవరికీ చిక్కలేదు.

క్వార్కు రకం మాత్రం మారుతుంది. కేంద్రకం బయట న్యూట్రాన్ సగటున పదిహేను నిమిషాలు కూడా బతకదు. దానిలోని ఒక డౌన్ అప్‌గా మారి ప్రోటాన్ అవుతుంది. ప్రోటాన్‌కు ఆ దారి లేదు, మూడు క్వార్కుల కణాల్లో అదే అన్నిటికన్నా తేలిక. అయితే క్వార్కే ఎలక్ట్రాన్ జాతిలోకి మారిపోతే? ఒడిశాలో పుట్టిన జోగేష్ పతి 1970లలో అబ్దుస్ సలాంతో కలిసి ఈ ప్రశ్న లేవదీశారు.

జవాబు కోసం చిత్తూరు సరిహద్దు దాటగానే వచ్చే కోలారు బంగారు గనుల్లోకి దిగారు. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినిపించే చోటు అది. 1980 ప్రాంతంలో టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్ శాస్త్రవేత్తలు 2,300 మీటర్ల లోతున ఇనుప పలకలు, వాయువు నింపిన గొట్టాలు వరసలుగా పేర్చి 140 టన్నుల పరికరం నిలిపారు. ఆకాశం నుంచి కురిసే మ్యూయాన్లనే కణాలను పైనున్న రాయి అడ్డుకోవాలి, అందుకే అంత లోతు. ఒక్క ప్రోటాన్ చావు కోసం కాపు కాయడం మనిషి ఆయుష్షుకు అయ్యే పని కాదు. కానీ 140 టన్నుల్లో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 8 పక్కన 31 సున్నాలంత. అన్నిటిలో ఏటా ఒక్కటి పోయినా గొట్టాల్లో గీత పడుతుంది.

కొన్ని గీతలు పడ్డాయి కూడా. ప్రోటాన్ క్షయం కావచ్చునని ఆ బృందం ప్రకటించింది. తర్వాత వచ్చిన పెద్ద పరికరాలకు అలాంటిదేదీ కనిపించలేదు. జపాన్‌లో 50,000 టన్నుల నీటితో కాపు కాస్తున్న సూపర్ కమియోకాండే లెక్క ప్రకారం, ముఖ్యంగా వెతికిన క్షయ మార్గంలో ప్రోటాన్ ఆయుర్దాయం ఒకటి పక్కన 34 సున్నాలన్ని ఏళ్లకు పైమాటే. 2001లో కోలారు గనులు మూతపడ్డాయి. అదే ప్రశ్న కోసం జపాన్‌లో ఇప్పుడు 2,60,000 టన్నుల నీరు పట్టే హైపర్ కమియోకాండే కడుతున్నారు.