నీరు, చెరకు, నీతి

మనది సాంకేతిక యుగమని ప్రతి ఉపన్యాసంలోనూ వింటుంటాం. కొత్త యంత్రం కనిపిస్తే చప్పట్లు కొడతాం. అయితే ఆ యంత్రం యాభై ఏళ్లపాటు మనిషికీ మట్టికీ మేలు చేస్తూ నిలవాలంటే ఏం కావాలి? జవాబు కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. నిజామాబాదులో బోధన్ బస్సెక్కితే చాలు. నేను ఆ ప్రాంతపు రైతుబిడ్డను. సైన్సు చదువుతున్నాను గనుక నాకు తెలిసింది నలుగురితో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని వెనుక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్లతో చెరకు సాగు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమై, ఆసియాలోనే పెద్దదిగా పేరు తెచ్చుకుంది. ఈ వరుస గమనించండి: ముందు నీరు, తర్వాత పంట, ఆపైన యంత్రం. ముందుచూపు అంటే ఇదే. కాని ఆ జలాశయం కోసం నలభైకి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయన్నది కూడా మరవరాదు. లాభం లెక్కలో ఎదుటివాడి నష్టాన్ని కూడా రాసేవాడే నిజాయితీ గల నాయకుడు.

ఇప్పుడు కొంచెం కెమిస్ట్రీ. వడ్లయితే ఇంట్లో పోసుకుని ధర కోసం ఎదురుచూడవచ్చు. చెరకు అట్లా కాదు. నరికిన తర్వాత అందులోని ఇన్వర్టేజ్ అనే ఎంజైము సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతూ పోతుంది. అవీ తియ్యనివే, కాని పలుకు కట్టవు. పైగా మిగతా చక్కెర పలుకు కట్టడానికి అడ్డుపడతాయి. ఎండకు బరువూ తగ్గుతుంది. అందుకే ఒక రోజు లోపల గానుగాడించాలంటారు. అంటే కొడవలి పడ్డాక రైతు చేతిలో ఏమీ ఉండదు. ఎవరి తోట ముందు కొట్టాలి, బండి గేటు దగ్గర ఎంతసేపు నిలబడాలి, తూకం ఎంత – అన్నీ ఫ్యాక్టరీ నడిపేవారి చేతిలోనే. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు 14 రోజుల్లో డబ్బు చెల్లించాలని విధించింది ఇందుకే. ఇక్కడ న్యాయం అనేది బాయిలరు, టర్బైను లాగే యంత్రంలో ఒక భాగం.

చక్కెర పరిశ్రమలో ఒక సుగుణం ఉంది. నూరు టన్నుల చెరకు ఆడిస్తే దాదాపు 10 టన్నుల చక్కెర, 30 టన్నుల పిప్పి, 4 టన్నుల మొలాసిస్, 3 టన్నుల మడ్డి వస్తాయి. పిప్పి బాయిలరులో మండి ఆవిరిని, కరెంటును ఇస్తుంది. మొలాసిస్ నుంచి ఆల్కహాలు తీస్తారు. మడ్డి ఎరువై మళ్లీ పొలానికే చేరుతుంది. పారేసేది బహు తక్కువ.

మరి ఇంత మంచి ఏర్పాటు ఎందుకు నిలవలేదు? 29.7 టి.ఎం.సి.ల నిజాంసాగర్ పూడికతో 1970ల నాటికి 11.8కి పడిపోయింది. గేట్ల మట్టం పెంచితే 17.8 అయింది. ఎగువన కొట్టుకుపోయే మట్టిని ఆపకుండా కింద ఎంత కట్టినా తాత్కాలికమే. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. నేనప్పుడు చిన్న బడిలో ఉన్నాను. మా పొలంలో చెరకు పోయి వరి వచ్చింది.

మొన్న సెలవుల్లో మా బాపుతో డ్రిప్పు గురించి ఉత్సాహంగా చెప్పాను. వేరు దగ్గరే నీరు పడుతుంది, వృథా తగ్గుతుంది, చెరకుకు బాగా పనికొస్తుంది అని. బాపు అంతా విని, "పైపులు ఏస్తం బిడ్డా, అదేం పెద్ద పని! పంట తీసుకునేటోడు ఎవడో, పైసలు ఎన్నడిస్తడో అది ముందుగాల చెప్పు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా సిలబసులోనూ లేదు.

మిత్రులారా, రేపు మనలో కొందరు ఇంజనీర్లు, అధికారులు, మేనేజర్లు అవుతారు. ఏ కొత్త పథకమైనా బల్ల మీదికి వచ్చినప్పుడు మూడు మాటలు అడుగుదాం: దీనికి నీరు, మట్టి ఎన్నాళ్లు తట్టుకుంటాయి? ఇందువల్ల నష్టపోయేది ఎవరు, వాళ్లకు ఏం చెబుతాం? మనం బదిలీ అయి పోయాక దీన్ని ఎవరు చూసుకుంటారు? ఈ మూడింటికీ జవాబు దొరికిన తర్వాతే సంతకం పెడదాం. అప్పుడు మా బాపు ప్రశ్నకు కూడా ఏదో ఒకనాడు జవాబు చెప్పగలుగుతాం.